అల్లుడూ, సంతకం పెట్టే ముందు ఇది చదువు

ఒరేయ్ అల్లుడూ,

బూట్లు పక్కన పెట్టేసి, ఇక్కడే మన బ్రెజిల్లో ఇన్నాళ్ళూ ఆడిన క్లబ్బుకే కోచ్ అవుతున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు చెప్పలేదు. సరే, ఆ లెక్క తర్వాత తేల్చుకుందాం. మీ అమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు, సంతోషంతోనో భయంతోనో నాకు అర్థం కాలేదు, ఆవిడకీ అర్థమైనట్టు లేదు. మన ఇంట్లో ఫుట్‌బాల్ ఆడినవాళ్ళున్నారు, ఫుట్‌బాల్ వల్ల మోకాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళున్నారు, కానీ ఆటగాళ్ళు "మాస్టారూ" అని పిలిచింది ఇప్పటిదాకా నన్నొక్కణ్ణే. ఇక నిన్నూ పిలుస్తారు. గర్వంగా ఉందిరా. ఈ వాక్యం జాగ్రత్తగా దాచుకో, ఇక మీదట అన్నీ చీవాట్లే.

ఫోన్లో చెబితే టీవీ చూస్తూ "ఊఁ, ఊఁ" అంటావు. అందుకే రాస్తున్నాను.

ఆట గురించి నీకు పాఠాలు చెప్పను. ముప్ఫై నాలుగేళ్ళొచ్చాయి, ఇన్నేళ్ళు డిఫెన్స్ మధ్యలో నిలబడి మైదానమంతా చూసినవాడివి. వెనక నలుగుర్ని పెడతావో ముగ్గుర్ని పెడతావో నీ ఇష్టం. ఒక్కటి మాత్రం చెబుతాను. 2016లో కోచ్ ఫెర్నాండో దినీజ్ ఒసాస్కోలో ఔడాక్స్ అనే చిన్న క్లబ్బు చేత ఆడించిన ఆట వీడియోలు చూసి, గోల్‌కీపర్ దగ్గర్నుంచే చిన్న పాసులతో బయటికి రావాలని ముచ్చటపడకు. నిజమే, వాళ్ళు ఆ ఏడాది రాష్ట్ర టోర్నమెంటులో సావో పాలో క్లబ్బుకి నాలుగు గోల్స్ కొట్టారు, కొరింథియన్స్‌ని వాళ్ళ స్టేడియంలోనే పెనాల్టీల్లో ఓడించారు, ఫైనల్లో సాంటోస్ చేతిలో ఒక్క గోల్ తేడాతో పోయారు. కానీ దినీజ్ దాని మీద అక్కడ ఏళ్ళ తరబడి కూర్చున్నాడు. నీకు జనవరిలో ఇరవై మందిని అప్పజెబుతారు, మే వచ్చేసరికి వాళ్ళలో ఎవరెక్కడుంటారో దేవుడికే తెలియాలి. పైగా ఫిబ్రవరి వానల్లో A3లో, అంటే మన సావో పాలో రాష్ట్రం మూడో డివిజన్లో, మైదానం ఎలా ఉంటుందో నీ మోకాలి మీద మచ్చలే చెబుతాయి. అక్కడ గోల్‌కీపర్ చేత డ్రిబుల్ చేయిస్తే, గోల్ తర్వాత సంగతి, ముందు నీ ఉద్యోగం పోతుంది.

కోచింగ్ లైసెన్సు కోర్సులు బ్రెజిల్ ఫుట్‌బాల్ సమాఖ్య (సీబీఎఫ్) అకాడమీలో వరసగా చెయ్యి. ఖరీదే. మొదటిదానికి నేను సర్దుతాను, మీ అత్తకి చెప్పకు.

"నేను పెద్ద క్లబ్బుల్లో ఆడినవాణ్ణి కాదు, నా మాట ఎవడు వింటాడు" అని మీ అమ్మ దగ్గర వాపోయావట. ఈ దిగులు ఒక్కటీ నీకు అనవసరం. 2002లో మనకి ప్రపంచ కప్పు గెలిపించిన కోచ్ స్కొలారి ఏమన్నా పేలే పక్కన ఆడాడా? కషియాస్, జువెంటూడి లాంటి క్లబ్బులు, ఆఖర్న ఎక్కడో మసెయోలో సీఎస్ఏ క్లబ్బు. ఆ కాళ్ళలో కళ లేదని జనం వెక్కిరించేవాళ్ళు. 1981లో సీఎస్ఏకి ఆడి రాష్ట్ర టైటిల్ గెలిచాడు, 1982లో అక్కడే కోచ్‌గా మొదలెట్టాడు, అచ్చం నీలాగే. ప్రపంచ కప్పు చేతికొచ్చింది ఇరవై ఏళ్ళ తర్వాత. తర్వాత జాతీయ జట్టుకి కోచ్ అయిన టిటె కూడా అంతే. కుర్రాడిగా ఉన్నప్పుడు అతన్ని కషియాస్‌కి పంపమని చెప్పింది స్కొలారియే, అదీ ఇంకో కుర్రాడి పేరుతో కలగాపులగం చేసి చెప్పాడు, ఆ పొరపాటు పేరే అతనికి ఇప్పటికీ ఉండిపోయింది. ముప్ఫై నిండకుండానే మోకాళ్ళు పోయాయి. 1990లో గరిబాల్దీ అనే చిన్న ఊళ్ళో, పెద్దగా ఎవరికీ తెలియని క్లబ్బుతో కోచ్‌గా మొదలు. 1993లో వెరనోపొలిస్‌ని రాష్ట్రంలో రెండో డివిజన్ గెలిపించాడు. కషియాస్‌తో రాష్ట్ర ఛాంపియన్ అయ్యేసరికి 2000 వచ్చింది. ఓడించింది గ్రేమియోని, రొనాల్డీన్యో ఉన్న గ్రేమియోని. టీవీ వాళ్ళు ఆ ఫైనల్‌తో కథ మొదలెడతారు. దానికి ముందున్న పదేళ్ళ గురించి ఎవడూ మాట్లాడడు. నేను నీకు రాస్తున్నది ఆ పదేళ్ళ గురించే. వాటిలోంచి బయటపడనివాళ్ళు మాలాంటి వాళ్ళు బోలెడుమంది.

ఇప్పుడు డబ్బు విషయం. మొహం చిట్లించకు.

క్లబ్బులన్నీ టీవీలో కనబడేలా ఉండవని నీకు తెలుసు, కానీ ఆటగాడిగా తెలియడం వేరు. సీబీఎఫ్ తన దగ్గరున్న కాంట్రాక్టులు లెక్క తీస్తే 2015లో ప్రొఫెషనల్ ఆటగాళ్ళలో నూటికి 82 మందికి నెల జీతం వెయ్యి రియల్స్ దాటలేదు. నీకొచ్చే ఇరవై మందీ ఆ బాపతే. రాష్ట్ర టోర్నమెంటు అయిపోతే ఆ వెయ్యి కూడా ఉండదు. ఏడాది రెండో సగంలో కోపా పౌలిస్టా అనే రాష్ట్ర కప్పు ఆడతామంటే మహా అదృష్టం, లేదంటే ఒకడు మామగారి వడ్రంగి షాపుకి, ఒకడు మోటార్‌బైక్ మీద డెలివరీలకి. వాళ్ళకి ప్రెసిడెంటు ఎవడో సరిగ్గా తెలియదు. ఆయన కారు స్టేడియం గేటు దగ్గర ఆగడం ఒకటి రెండు సార్లు చూసుంటారు, అంతే. రోజూ కనబడే మొహం నీది. డబ్బు రాకపోతే వాళ్ళు చూసేదీ నీ మొహమే.

మా ఊరి సంగతి చూడు. 2005లో మా పౌలిస్టా, జుండియాయి లాంటి ఊరి క్లబ్బు, రియో పెద్ద క్లబ్బు ఫ్లుమినెన్సిని ఓడించి జాతీయ కప్పు కోపా దో బ్రెజిల్ గెలిచింది. కోచ్ వాగ్నెర్ మన్సీని అప్పటికి ఆట మానేసి ఎంతోకాలం కాలేదు. ఆ రాత్రి నేను వీధిలో ఎవరెవర్ని కౌగిలించుకున్నానో నాకే తెలియదు, మాంసం కొట్టువాణ్ణి కూడా, వాడితో అంతకు ముందు రెండేళ్ళుగా మాటల్లేవు. పదిహేనేళ్ళు తిరక్కుండానే అదే క్లబ్బు రాష్ట్రంలో అట్టడుగు డివిజన్ దాకా జారిపోయింది. కప్పు గెలిచిన క్లబ్బు గతి అది. నీ క్లబ్బు ఏ కప్పూ గెలవలేదు.

మా పెద్ద మాస్టారి గురించి నీకు చిన్నప్పుడు చాలా చెప్పాను, హాఫ్ టైమ్‌లో జట్టునంతా నవ్వించి మ్యాచ్ గెలిపించినవీ అవీ. ఈ కథ మాత్రం చెప్పలేదు. ఇప్పుడు కూర్చుని చదువు.

1996లో మాట. నేను ఆట మానేసి ఆయన దగ్గర అసిస్టెంటుగా చేరిన కొత్త. A3లో ఒక క్లబ్బు, పేరు అనవసరం. పెళ్ళికాని కుర్రాళ్ళంతా స్టేడియం గ్యాలరీ కింద గదుల్లో ఉండేవాళ్ళు. పైకప్పంటే గ్యాలరీ మెట్ల అడుగు భాగమే, గోడ వైపుకి ఏటవాలుగా దిగుతుంది. పొడుగాటి వాళ్ళకి గోడ వైపు మంచం వస్తే నిద్రలేవగానే నెత్తికి బొప్పి. ఫిబ్రవరి జీతాలు రాలేదు. కార్నివాల్ వెళ్ళింది, మార్చి వచ్చింది, అవీ రాలేదు. వంటావిడకి కూడా ఇవ్వకపోతే ఆవిడ రావడం మానేసింది.

మాస్టారు తిన్నగా మూలమీదున్న బేకరీకి వెళ్ళి, "పిల్లలకి పొద్దున్నే రొట్టెలు, మోర్తదేలా మాంసం ముక్కలు, పాలు ఇవ్వు, నా ఖాతాలో రాసుకో" అన్నారు. క్లబ్బు ఖాతాలో అనలేదు, నా ఖాతాలో అన్నారు. నాలుగు రోజులకి గ్యాస్ అయిపోయింది, దానికీ ఆయనే. దూరాన బయియా రాష్ట్రం నుంచి వచ్చిన కుర్రాడొకడికి తల్లికి జబ్బు చేసిందని కబురొస్తే బస్సు టిక్కెట్టుకీ ఆయనే. అప్పట్లో ముందు తేదీ వేసిన చెక్కులు బాగా నడిచేవి, దుకాణం వాడు ఆ తేదీ వచ్చేదాకా సొరుగులో పెట్టుకునేవాడు. మాస్టారి సంతకం నాకింకా కళ్ళముందుంది. చివరి అక్షరానికి ఒక పొడుగాటి తోక, గీత దాటి కిందికి వచ్చి మళ్ళీ వెనక్కి తిరిగేది. ఆ తోక బేకరీ పుస్తకంలో, మందుల షాపులో, గ్యాస్ వాడి దగ్గర, బస్టాండు ఏజెన్సీలో, ఎక్కడ చూస్తే అక్కడే. పక్కనే నిలబడి చూసిన నేను, మనిషంటే ఇలా ఉండాలి అనుకున్నాను. ఆయన తిండి పెట్టడాన్ని ఇప్పటికీ తప్పు పట్టను. ఆ ఖర్చు ఏదో ఒకనాటికి తీరేదే.

తప్పు డ్రెస్సింగ్ రూమ్‌లో జరిగింది. ఒక ఆదివారం మ్యాచ్‌కి ముందు కుర్రాళ్ళు బూట్లు వేసుకోకుండా కూర్చున్నారు. కెప్టెన్ నేల చూస్తూ, "జీతం సంగతి తేలేదాకా మేము మైదానంలోకి వెళ్ళం మాస్టారూ" అన్నాడు. మాస్టారు ప్రెసిడెంటుకి కబురు పెట్టారు, ఆయన ఊళ్ళో లేడన్నారు. టైమ్ అయిపోతోంది, రిఫరీ తలుపు కొడుతున్నాడు. అప్పుడు ఆయన అన్న మాట: "శుక్రవారం డబ్బు వస్తుంది. పూచీ నాది." ప్రెసిడెంటు అలా అన్నాడని చెప్పలేదు. నాది అన్నారు. కుర్రాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని బూట్లు వేసుకున్నారు. ఆ రోజు గెలిచాం కూడా. ఓడిపోయి ఉంటే బాగుండేదేమో.

శుక్రవారం రాలేదు. పై శుక్రవారం అన్నారు. ముందరి వరస కుర్రాణ్ణి పెద్ద క్లబ్బు కొంటోందట, ఆ డబ్బు రాగానే అన్నీ తీరుస్తాడట, అని ప్రెసిడెంటు చెప్పింది చెప్పినట్టు తన మాటగా చెప్పారు. మేము గెలుస్తూనే ఉన్నాం. నమ్మిన జట్టు ఎలా ఆడుతుందో నువ్వు చూడలేదురా, నేను చూశాను. ఆఖరికి ఏప్రిల్ చివర్లో క్లబ్బు ఎన్నికలు వచ్చాయి, పాత ప్రెసిడెంటు తప్పుకున్నాడు, కొత్తాయన కాగితాలన్నీ ముందేసుకుని, "క్లబ్బు సంతకం ఉన్నవాటికి నాది బాధ్యత, మిగతావి ఎవరు సంతకం పెడితే వాళ్ళని అడగండి" అన్నాడు. చట్టం ప్రకారం ఆయన తప్పు ఏమీ లేదు.

కుర్రాళ్ళు పాత ప్రెసిడెంటు ఇంటికి వెళ్ళలేదు, ఆ ఇల్లెక్కడో వాళ్ళకి తెలియదు. మాస్టారింటికి వచ్చారు. బయియా కుర్రాడు కూడా వచ్చాడు, ఆ టిక్కెట్టు కొనిపెట్టింది ఎవరో మర్చిపోయి కాదు, ఇంటికి పంపడానికి వాడి దగ్గర నయాపైసా లేక. మాస్టారు తన కారు అమ్మారు. అది రొట్టెలకీ గ్యాస్‌కీ సరిపోయింది. మిగతా చెక్కులు బౌన్సయి ఆయన పేరు బాకీదారుల జాబితాకెక్కింది, ఆ తర్వాత ఆయనకి ఇల్లు అద్దెకిచ్చేవాడే లేకపోయాడు. మందుల షాపువాడు బౌన్సయిన చెక్కుని కౌంటర్ వెనక గోడకి అంటించాడు, ఆ తోక సంతకంతో సహా. ఊరంతా తలనొప్పి మాత్రకి వెళ్ళి దాన్ని చదువుకుని వచ్చేవాళ్ళు.

అదంతా ఒక ఎత్తు. మరుసటి ఏడు ఇంకో ఊళ్ళో ఇంకో క్లబ్బు, నేనూ వెంట వెళ్ళాను. మొదటి రోజు ఆయన బోర్డు మీద గీసి, "అవతలి రైట్ బ్యాక్ అలిసిపోతాడు, రెండో సగంలో అటే వెళ్ళండి, గోల్ వస్తుంది" అని చెబుతున్నారు. వెనక బెంచీ మీద ఒకడు "శుక్రవారమా మాస్టారూ?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు. ఆ తర్వాత ఆయన చెప్పిన ఏ మాటా ఆ గదిలో నిలబడలేదు, ఆట గురించి ఎంత సరిగ్గా చెప్పినా సరే. నేను చూసిన కోచ్‌లలో ఆటని అంత బాగా చదివినవాడు లేడు. ఆ ఏడాదే ఆఖరు. మళ్ళీ ఎవరూ పిలవలేదు.

నీకు ఇది ఎందుకు రాస్తున్నానో తెలుసా? పోయిన సీజన్లో ఇద్దరు కుర్రాళ్ళకి బస్సు చార్జీలు నువ్విచ్చావని మీ అమ్మ మురిసిపోతూ చెప్పింది కాబట్టి. నాకు గుండెల్లో రాయి పడింది. నీది మీ అమ్మ మనసు. ఆటగాడిగా అది అందం. కోచ్‌గా అదే నీ మెడకి చుట్టుకుంటుంది.

కాబట్టి విను. ఎవరికైనా తిండి పెట్టాలనిపిస్తే జేబులోంచి తీసి పెట్టు, తిరిగొస్తుందనుకోకు, క్లబ్బు పేరు మీద ఒక్క కాగితం రాయకు. జీతం ఆలస్యమైతే ప్రెసిడెంటుని డ్రెస్సింగ్ రూమ్‌లోకి తీసుకురా. ఆయన నోటితోనే చెప్పించు. నువ్వు ఆయన పక్కన కాదు, కుర్రాళ్ళ పక్కన కూర్చో. ఆయన రానంటే "నాకు చెప్పింది ఇది, నిజమో కాదో నాకు తెలియదు" అని అంతే చెప్పు. వాళ్ళు "మైదానంలోకి దిగం" అంటే దిగొద్దనే చెప్పు, పాయింట్లు పోతే పోనీ. మా కాలంలో కాంట్రాక్టు అయిపోయినా ఆటగాడి పాస్, అంటే వేరే క్లబ్బుకి వెళ్ళే హక్కు, క్లబ్బు చేతిలోనే ఉండేది, జీతమివ్వకపోయినా ఎక్కడికీ పోవడానికి లేదు. 1998 పేలే చట్టంతో ఆ సంకెళ్ళు తెగాయి. 2023 చట్టం వచ్చాక రెండు నెలలు జీతం ఆపితే ఆటగాడు కాంట్రాక్టు తెంచుకుని పోవచ్చు. ఈ సంగతి కుర్రాళ్ళకి నువ్వే చెప్పు, ప్రెసిడెంటుకి కోపమొచ్చినా సరే. ఆటగాళ్ళ సంఘం ఫోన్ నంబరు గోడ మీద రాసిపెట్టు.

కాగితాల మీద నాకు పిచ్చి అని మీరందరూ నవ్వుకుంటారు. 2013లో మన సావో పాలో క్లబ్బు పోర్చుగీజా ఏమైంది? సస్పెన్షన్లో ఉన్న ఆటగాణ్ణి సీజన్ ఆఖరి మ్యాచ్‌లో, అదీ ఆట ముగిసే ముందు కాసేపు, మైదానంలోకి పంపారు. గ్రేమియోతో సున్నా-సున్నా, ఎవరికీ పట్టని మ్యాచ్. ట్రిబ్యునల్ నాలుగు పాయింట్లు కోసేసింది, పోర్చుగీజా కింది డివిజన్‌కి పోయింది, దాని బదులు కిందికి పోవాల్సిన ఫ్లుమినెన్సి బతికిపోయింది. అక్కడితో ఆగిందా? B నుంచి C, C నుంచి D, చివరికి జాతీయ డివిజన్లలోనే లేకుండా పోయింది. అందుకని శుక్రవారం సాయంత్రం నువ్వే స్వయంగా బీఐడీలో, అంటే సీబీఎఫ్ రోజూ వేసే ఆటగాళ్ళ నమోదు జాబితాలో, పేర్లు చూడు, కార్డులు లెక్కపెట్టు. "ఆఫీసువాళ్ళు చూశారు" అంటే నమ్మకు. ఆఫీసంటే ఎవరు, ప్రెసిడెంటు మేనకోడలు, వారానికి రెండు రోజులు వస్తుంది.

గుండె పరీక్షల కాగితాలూ నువ్వే చదువు. 2004 అక్టోబర్లో మొరుంబీ మైదానంలో సావో కయెటానో డిఫెండర్ సెర్జిన్యో కుప్పకూలిపోయాడు, మళ్ళీ లేవలేదు. గుండెలో లోపముందని ముందే పరీక్షల్లో తేలింది. డాక్టరు సందేహంగా మొహం పెడితే ఆ కుర్రాణ్ణి ఆడించకు. ఫైనలైనా సరే. అంబులెన్సు గేటు దాటి లోపలికి వచ్చేదాకా జట్టుని వార్మప్‌కి కూడా పంపకు.

ఏజెంట్లు ఆటగాడితో పాటు కవరు కూడా తెస్తారు. తీసుకోకు. దీని మీద ఇంకేం రాయను.

నీ గోల్‌కీపర్ స్నేహితుడి సంగతి. వాణ్ణి తీసేయాల్సి వస్తుంది, నీకూ తెలుసు, వాడికీ తెలుసు. మీ పెళ్ళికి తోడుపెళ్ళికొడుకు వాడే, నీ కూతురికి జ్ఞానపిత వాడే. జట్టు కాగితం గోడకి అంటించాక వాడు తెలుసుకోకూడదు. ముందు రోజు వాళ్ళింటికి వెళ్ళు, వాళ్ళావిడ లేనప్పుడు చెప్పు. తిడతాడు. తిట్టనీ. వాడి పిల్లలకి పుట్టినరోజు బహుమతి మాత్రం ఎప్పటిలాగే పంపు.

ఉద్యోగం పోతుంది. పోతుందా లేదా అని ఆలోచించకు, ఎప్పుడు అన్నదే లెక్క. 2021లో పై డివిజన్లో క్లబ్బు సీజన్‌కి ఒక్క కోచ్‌నే తీసేయాలని రూల్ పెట్టారు చూడు, చాలామంది "పరస్పర అంగీకారంతో" అని రాసుకుని తప్పించుకున్నారు, మరుసటి ఏడాదికి ఆ రూలే ఎగిరిపోయింది. పైవాళ్ళకే దిక్కు లేదు, మనమెంత? అందుకని పిల్లల్ని స్కూలు మార్పించకు. మీ ఆవిడ సెలూన్ మూయించకు. నువ్వొక్కడివే గది తీసుకో, ఆదివారం మ్యాచ్ అయ్యాక బస్సెక్కి ఇంటికి రా. నేను మీ అత్తని, పిల్లల్ని వెంటేసుకుని ఊరూరా తిరిగాను. మా పెద్దాడు మాట్లాడితే ఏ ఊరి యాసో ఎవరికీ అంతుబట్టేది కాదు. మీ అత్త ఆ రోజుల గురించి ఎవరైనా అడిగితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది, ఇప్పటికీ.

మే నుంచి డిసెంబరు దాకా ఏం చేస్తావో ఇప్పుడే ఆలోచించు. మా ఇంటి దగ్గర మునిసిపాలిటీ వాళ్ళ పిల్లల ఫుట్‌బాల్ స్కూల్లో మధ్యాహ్నాలు మనిషి కావాలట, నీ పేరు చెప్పి ఉంచాను. చిన్నతనమనుకోకు. పదకొండేళ్ళ వాడికి ఆఫ్‌సైడ్ అర్థమయ్యేలా చెప్పగలిగితే ఎవడికైనా చెప్పగలవు.

మీ అమ్మతో రోజూ ఓసారి మాట్లాడు. ఓడిపోయిన రోజు ముందు ఆవిడకే చెయ్యి, రేడియోలో విని ఆవిడ గాబరా పడకముందే.

కాంట్రాక్టులో నీ జీతం ఎంత రాశారో, "ఇమేజ్ హక్కులు" అని, అంటే నీ పేరూ ఫోటోలూ వాడుకున్నందుకని, విడిగా ఎంత రాశారో చూడు. అసలు జీతం చిన్నదిగా, ఆ రెండోది పెద్దదిగా ఉంటే సంతకం పెట్టకు. రేపు తగాదా వస్తే నీ చేతికొచ్చేది మొదటిదే. నీ వర్క్ కార్డులో, అంటే ఉద్యోగాలు నమోదయ్యే సర్కారీ పుస్తకంలో, రాస్తామని నోటితో అంటే చాలదు. మంగళవారంలోగా కాగితాలన్నీ ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టు. ప్రతి పేజీ, వెనక వైపు ఖాళీగా ఉన్నా సరే. పోయినసారి పంపినవి ఒక్కటీ చదవలేకపోయాను, కాస్త వెలుతురులో తీయరా.

మీ మామయ్య